వెనక రెండు చాలు

ఎర్ర కారు వచ్చి షెడ్డు ముందు ఆగేటప్పటికి బురుల్ ఒక లారీ టైరు మీద మోకాలు వేసి, అందులో దిగిన మేకును పట్టకారుతో లాగుతోంది. ఇంజను చప్పుడు విని తలెత్తింది. ఆ కొండల మధ్య నరీన్ పట్టణం మొత్తానికి అలాంటి గొంతున్న బండి ఒక్కటే. రెండే తలుపులు, నేలకు ఆనేంతగా వంగిన ముక్కు, ఎడమ స్టీరింగుల దేశంలో కుడిచేతి వైపు స్టీరింగు. జపాను నుంచి చేతులు మారి మారి వచ్చి చివరికి తిలెక్ చేతిలో పడింది.

తిలెక్ దిగి, లోపల పసిపిల్ల నిద్రపోతోందేమో అన్నంత మెల్లిగా తలుపు వేశాడు. ఇరవయ్యారేళ్ళుంటాయి. అంత చలిలోనూ నెత్తిన టోపీ లేదు. చెవులు కందిపోయి ఉన్నాయి.

"మెదెర్ బైకే! ఎల్లుండి కల్లా మంచు దిగుతుందంటున్నారు. నా బండికి చలికాలం టైర్లు కావాలి," అని అన్న వరసతో పిలుస్తూ కేకేశాడు.

స్టవ్వు దగ్గర కూర్చున్న మెదెర్‌బెక్ టీ గిన్నె చేత్తోనే పట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన బురుల్ భర్తకు అన్నగారు. టైర్లు బాగుచేసే ఆ వల్కనైజింగ్ షాపు ఆయనది. నడుం పట్టేసినప్పటి నుంచీ లీవరు ముట్టుకోడు. బేరం ఆయన చూసుకుంటాడు, పని బురుల్ చేస్తుంది. ఎనిమిదేళ్ళుగా అలాగే నడుస్తోంది.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రం దగ్గర ఆగి, అంకెలు చదివాడు.

"ఇంత వెడల్పు టైరు ఈ ఊళ్ళో దొరకదు. నీ అదృష్టం బాగుంది. మొన్న వచ్చిన సరుకులో సరిగ్గా ఒక జత ఉంది."

"ముందు చక్రాలకో?"

"ముందుకెందుకురా? ఈ బండిని తోసేవి వెనక చక్రాలు. ముందువి ఊరికే తిరుగుతాయి. వెనక రెండు చాలు. కొండ మీదకి తోలినా ఎక్కేస్తుంది."

బురుల్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. గోడకి కొట్టిన అరల వైపు చూసింది. ఈసారి రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన సరుకంతా జతలే. నాలుగు కలిసిన సైజు ఒక్కటీ లేదు. అందుకా ఈ మాట, అనుకుంది.

"బావగారూ, ముందు చక్రాలు కూడా..." అని మొదలుపెట్టింది.

"అమ్మాయ్, జాకీ పట్రా," అన్నాడు మెదెర్‌బెక్. కసిరినట్టేమీ లేదు. ఆమె మాట అసలు చెవిన పడనే లేదు. పరాయివాళ్ళ ముందు తమ్ముడి భార్య మాట ఆయన చెవిన పడాల్సిన అవసరమూ ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

బురుల్ జాకీ తెచ్చింది. నట్లు ఎదురెదురుగా వదులు చేసి, బండి ఎత్తి, చక్రం ఊడదీసింది. వాల్వు తీస్తే గాలి బుస్సుమంటూ పోయింది. అంచును మిషను కింద పెట్టి నొక్కి, లీవరు దూర్చి పాత టైరును వొలిచేసింది. కొత్త టైరు అంచుకు సబ్బునీళ్ళు రాసి రిమ్ము మీదకి ఎక్కించింది. తిలెక్ ఆమె భుజం మీంచి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

"ఎజే, కాస్త చూసి. ఆ రిమ్ము మీద గీత పడితే నా గుండె మీద పడ్డట్టే," అన్నాడు అక్క వరస కలుపుతూ.

"గుండెకైతే ఆస్పత్రి ఉంది. కొంచెం వెనక్కి జరుగు."

గాలి ఎక్కిస్తే అంచులు రెండూ టప్, టప్ మని కూర్చున్నాయి. చక్రాన్ని మిషను మీద తిప్పి, బరువు తక్కువైన చోట సీసం ముక్క అంటించింది. కొత్త రబ్బరు మెత్తగా ఉంది. దాని నిండా బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. లేచి వెళ్ళేటప్పుడు అదే వేలితో ముందు చక్రాన్ని నొక్కి చూసింది. వేసవి టైరు. చలికి బిగుసుకుపోయి చెక్కలా తగిలింది.

మెదెర్‌బెక్ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి, "ముందువి కూడా మార్పించుకుంటే మంచిది," అంది.

తిలెక్ నవ్వాడు. "బైకే వద్దన్నారుగా. ఆయనకంటే మీకెక్కువ తెలుసా ఏంటి?"

నవ్వులో విషమేమీ లేదు. అయినా లోపల స్టవ్వు మూత చప్పుడు ఆగిపోయింది. మెదెర్‌బెక్ ఇటే చూస్తున్నాడు. బురుల్ వంగి, బిగించిన నట్లనే మళ్ళీ బిగించింది.

తిలెక్ బండి తీశాడు. సందు చివర గడ్డకట్టిన మురుగు మీద కూడా వెనక చక్రాలు ఒక్కసారీ జారలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ పోయాడు. మెదెర్‌బెక్ మురిసిపోతూ, "చూశావా, ఎలా పోతోందో!" అన్నాడు.

చూసింది. పోవడం గురించి ఆమెకు బెంగ లేదు.

*

బుధవారం పొద్దున లేచేసరికి మంచు మోకాలి దాకా దిగింది. బురుల్ పాలకొట్టు దగ్గర వరసలో నిలబడి ఉండగా, ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి కబుర్లు చెప్పుకుంటున్నారు.

"శనివారమే. పిల్లది ఆక్-కియా. కనుమకి అవతలి ఊరు."

"ఈ మంచులో కనుమ దాటి ఎలా తెస్తారే?"

"తెస్తారు. పెళ్ళికొడుకు వాళ్ళు ఆ తిలెక్ గాడి ఎర్రబండి మాట్లాడారు. పెళ్ళికూతురు అందులోనే దిగాలని పంతమట. తోడొచ్చే వదినగారూ తనూ వెనక సీట్లో ఎలా ముడుచుకుంటారో ఆ దేవుడికే తెలియాలి!"

ఇద్దరూ నవ్వుకున్నారు. బురుల్ చేతిలో పాలక్యాను పిడి చల్లగా కొరికింది. వరసలో తన వంతు వచ్చిన సంగతి పాలావిడ పిలిస్తేగాని తెలియలేదు.

కిజిల్-బెల్ కనుమ ఆమెకు తెలుసు. అవతల నుంచి ఎక్కడం తేలికే, ఏటవాలుగా మెల్లిగా లేస్తుంది దారి. ఇవతల వైపు దిగుడులో తొమ్మిది మలుపులు. పక్కన గోడ ఉండదు. కింద ఏరు. ఎక్కేటప్పుడు వెనక చక్రాలు తోస్తాయి, బండి హాయిగా ఎక్కుతుంది, నడిపేవాడికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే దిగుడు మొదలుపెడతాడు. దిగేటప్పుడు బరువంతా ముందుకి వస్తుంది. ఆపాల్సినవీ తిప్పాల్సినవీ ఆ చెక్కలాంటి ముందు చక్రాలే.

ఆ రోజంతా పని చేతికి అందలేదు. ఒక వ్యాను పంక్చరు వేసి గాలి కొట్టడం మర్చిపోయింది. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి, ఎందుకు వచ్చిందో తెలియక వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం గనిలో ఉన్న భర్తకు ఫోను చేసింది. పదిహేను రోజుల షిఫ్టు, ఇంకా వారం ఉంది. వెనక నుంచి యంత్రాల రొదలో అతని గొంతు వచ్చింది.

"అన్నయ్యతో చెప్పు," అన్నాడు అంతా విని.

"ఎలా చెప్పను?"

"మెల్లిగా చెప్పు."

"సరుకు వదిలించుకోడానికి అబద్ధం ఆడారండీ అని మెల్లిగా ఎలా చెప్తారో నువ్వే చెప్పు, నేర్చుకుంటాను."



"అయితే ఊరుకో," అన్నాడు.

"ఊరుకున్నాను. ఊరుకునే ఫోను చేశాను."

మెదెర్‌బెక్ తలుపు తీసుకుని వచ్చాడు. ఆమె ఫోను జేబులో పెట్టుకుంది. ఆయన స్టవ్వులో బొగ్గు వేసి, వేడి రొట్టె తుంచి సగం ఆమె ముందు పెట్టాడు. "తిను, పొద్దుటి నుంచీ ఏం తినలేదు," అన్నాడు. ఆమె రొట్టె ముక్క చేతిలోకి తీసుకుంది. ఇంత చూసుకునే మనిషి ఆ మాట ఎలా అనగలిగాడు?

*

గురువారం భోజనాల వేళ ఆమె తిలెక్ ఇంటికి వెళ్ళింది. అతను పెరట్లో బకెట్టు వేడినీళ్ళతో కారు కడుగుతున్నాడు. బానెట్టు మీద ఎర్ర రిబ్బను ఎలా కడితే బాగుంటుందో చూసుకుంటున్నాడు.

"ఎజే! మా పెళ్ళివారి పిలుపు మీకూ వచ్చిందా?"

"పది నిమిషాలు నన్ను కార్లో ఎక్కించుకో."

"ఎక్కడికి?"

"గుర్రాల సంతకి."

"సంత ఆదివారం కదా! ఇవాళ అక్కడ పేడ తప్ప ఏం దొరుకుతుంది?"

"నాకు అదే కావాలి. పద."

అతను నవ్వుకుంటూనే తాళం తీశాడు. సంత మైదానం ఖాళీగా, తెల్లగా, అణిగిన మంచుతో గట్టిగా ఉంది. చివర గుర్రాలు కట్టే గుంజలు. బురుల్ సీటు బెల్టు పెట్టుకుంది.

"ముప్పై మీద పోనీ. ఆ మొదటి గుంజ దగ్గరికి వచ్చాక ఎడమకి తిప్పు. ఇక్కడ లోయ లేదు, భయం లేదు."

తిలెక్ బండి కదిలించాడు. ఎక్కడా జారకుండా, సాఫీగా వేగం అందుకుంది. "చూశారా, పిల్లిలా పోతోంది!" అంటూనే గుంజ దగ్గర స్టీరింగు తిప్పాడు. చక్రాలు ఎడమకి తిరిగాయి. బండి తిరగలేదు. తిలెక్ ఇంకా తిప్పాడు. బండి నిదానంగా, మొండిగా, తిన్నగానే పోతోంది. బ్రేకు తొక్కాడు. పెడలు టకటకమని పాదం కింద కొట్టుకుంది తప్ప వేగం తగ్గలేదు. గుంజకు జానెడు దూరంలో, మంచు దిబ్బలో ముక్కు దూర్చి ఆగింది.

అద్దం మీద వైపరు ఒకసారి అటు వెళ్ళి ఇటు వచ్చింది.

"నేను ఆలస్యంగా తిప్పాను," అన్నాడు తిలెక్. "మళ్ళీ."

మళ్ళీ చేశాడు. ఈసారి ముందుగానే తిప్పాడు. బండి రెండు గుంజల మధ్య నుంచి బయటికి దూసుకుపోయింది. మూడోసారి ఇరవై మీద ప్రయత్నించాడు. అప్పుడూ తిరిగీ తిరగనట్టే తిరిగింది. అతను ఇంజను ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"శనివారం నా కార్లో ఇద్దరు ఆడవాళ్ళుంటారు ఎజే."

"తెలుసు."

"మరి బైకే ఎందుకలా చెప్పాడు?"

"నాకు తెలీదు," అంది. తెలుసనే అనుకుంటోంది, అయినా నోరు రాలేదు. "ఇంకో జత ముందుకి వెయ్యాలి. రేపు ఆయన శుక్రవారం నమాజుకి వెళ్తారు. గంట టైముంటుంది. వెనక సందులోంచి రా. కానీ ఒక మాట."

"చెప్పండి."

"నేను వేశానని ఎవరికీ చెప్పకూడదు. అసలు ముందు చక్రాల ఊసే ఎత్తకూడదు. నా పనీ అక్కడే, నా కాపురమూ ఆ ఇంట్లోనే. ఆయన పరువు పోతే నేను ఆ గడప ఎలా తొక్కను?"

తిలెక్ గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా అమ్మ మీద ఒట్టు. ఎవరడిగినా వెనక రెండు వేయించానంటాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

అక్కణ్ణుంచి బజారులో పాత సామాన్ల కొట్లకు వెళ్ళారు. ఇనుప కంటెయినర్ల వరసలో ఒక్కొక్కదాని ముందూ ఆగి, బురుల్ టైర్ల గుట్టల్లో చెయ్యి పెట్టి వెతికింది. ఒకటి పక్కన పగిలింది. ఇంకొకటి బాగానే ఉంది కానీ దాని జోడీ లేదు. మరొక జత చూడ్డానికి కొత్తదే. పక్కన అచ్చువేసిన అంకెల్లో తయారైన ఏడాది చదివి, "దీనికి బడికెళ్ళే వయసొచ్చింది," అని పక్కకి తోసేసింది. చివరి కంటెయినర్లో, గుద్దుకుని నలిగిపోయిన ఒక కారుకి ఉన్న జత దొరికింది. రిమ్ము సైజు సరిపోయింది, వెడల్పు ఒక వేలు తక్కువ. అగ్గిపుల్ల చీలికల్లో దింపి లోతు చూసింది. గోటితో గీకింది. రబ్బరులో ఇంకా ప్రాణం ఉంది.

తిలెక్ మొహం చిట్లించాడు. "వెనకవి ఒక రకం, ఇవి ఒక రకం. చూడ్డానికి బాగుండదు."

"పెళ్ళికూతురు నీ టైర్లు చూస్తుందేంటి? తీసుకో."

*

శుక్రవారం మెదెర్‌బెక్ కాళ్ళూ చేతులూ కడుక్కుని, తెల్లటి ఫెల్టు టోపీ పెట్టుకుని మసీదుకు బయల్దేరాడు. ఆయన మూల తిరగగానే ఎర్ర కారు వెనక సందులోంచి వచ్చింది. బురుల్ అప్పటికే జాకీ సిద్ధం చేసి ఉంచింది.

మొదటి చక్రం ఇబ్బంది పెట్టకుండా అయిపోయింది. రెండోదాని దగ్గర చిక్కొచ్చింది. రాత్రంతా బయట పడి ఉన్న టైరు బిర్రబిగిసిపోయింది. ఎంత గాలి కొట్టినా అంచు రిమ్ముకు పట్టడం లేదు, పక్కనుంచి సుయ్‌మంటూ పోతోంది. సబ్బునీళ్ళు రాస్తే రాసినచోటే పొరలా గడ్డకడుతున్నాయి. తిలెక్ సందు చివరికి వెళ్ళి చూసి వస్తున్నాడు.

"ఎజే, జనం బయటికొస్తున్నారు!"

"అలా తిరిగే బదులు ఆ కెటిల్ పట్రా."

స్టవ్వు మీద కెటిల్లోని వేడినీళ్ళు టైరు చుట్టూ పోసింది. ఆవిరి మొహానికి కొట్టింది. టైరు చుట్టూ తాడు కట్టి, కర్ర దూర్చి మెలి తిప్పి బిగించింది. మళ్ళీ గాలి పెట్టింది. చేతులు మండుతున్నాయి. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. తర్వాత టప్ మంది. ఇంకొక టప్ కోసం ఊపిరి బిగబట్టింది. అదీ వచ్చింది.

నట్లు బిగిస్తూనే చెప్పింది: "ఆగిన చోటు నుంచి రెండో గేర్లో తియ్యి. దిగేటప్పుడు బ్రేకు మీద నిలబడకు, గేరు తగ్గించుకో. యాక్సిలరేటరు గట్టిగా నొక్కావంటే వెనక భాగం పక్కకి తిరుగుతుంది. తిరిగితే అది ఎటు పోతోందో స్టీరింగు అటే తిప్పు, కంగారు పడకు. డిక్కీలో రెండు ఇసుక మూటలు వేసుకో."

"ఇసుకా? నా బండిలోనా?"

"నీ బండిలోనే. తెల్ల గుడ్డ పరిచి వేసుకో."

ఎర్ర కారు వెనక దీపాలు సందు మలుపులో ఉండగానే మెదెర్‌బెక్ ఇటునుంచి వచ్చాడు.

"తిలెక్ ఎందుకొచ్చాడు?"

"నట్లు ఒకసారి చూడమన్నాడు."

"మంచిపని చేశావు. పెళ్ళి పని కదా, జాగ్రత్తగా ఉండాలి," అని తల ఊపి లోపలికి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళలో ఆమె ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. ఖాళీ కెటిల్ తీసుకుని నీళ్ళకి వెళ్ళింది. కుళాయి దగ్గర నీళ్ళు పొంగి పాదం తడిసేదాకా తెలియలేదు.

*

శనివారం పొద్దున హారన్ల మోతతో పెళ్ళివారి బళ్ళు కనుమ వైపు పోయాయి. ఒక గంటకు మంచు మొదలైంది. మామూలుగా కాదు, ఎదుటి దుకాణం బోర్డు కనిపించనంత. బురుల్ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. వేసిన లెక్కే మళ్ళీ వేసింది. అంచు సరిగ్గా కూర్చుందా? కూర్చుంది. రెండుసార్లు మోగింది కదా. నట్లు? వేడినీళ్ళు లోపల ఎక్కడైనా గడ్డకడితే? వెనకవాటి కంటే ముందువి పాతవి, ఆ తేడాకి ఏమైనా అవుతుందా?

"ఎవరి కోసం చూస్తున్నావు?" అన్నాడు మెదెర్‌బెక్.

"ఎవరి కోసమూ లేదు. మంచు చూస్తున్నా."

"నువ్వు పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నదేగా!"

మూడున్నరకు దూరంగా హారను వినిపించింది. ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. ముందుగా ఎర్ర కారే వచ్చింది. ముక్కు నిండా మంచు, రిబ్బను గడ్డకట్టి కర్రలా నిలబడి ఉంది. వెనక అద్దంలో పెళ్ళికూతురి తెల్లటి ముసుగు. తిలెక్ స్టీరింగు మీద నుంచి రెండు వేళ్ళు ఎత్తాడు, అంతే. ఆ తర్వాత పావుగంటకు గానీ మిగతా బళ్ళు రాలేదు. ఒక దాని పక్కంతా చొట్టపోయి ఉంది. ఏడో మలుపులో కొండకి రాసుకుందని, నలుగురూ దిగి తాళ్ళతో లాగారని దారినపోయేవాళ్ళు చెప్పుకున్నారు.

బురుల్ లోపలికి వచ్చి టైర్ల దొంతర మీద కూలబడింది. మెదెర్‌బెక్ టీ పోసి ఇచ్చాడు. రెండు గిన్నెలు తాగింది. ఇక అయిపోయింది అనుకుంది.

సోమవారం పొద్దున షాపు తలుపు తీయకముందే నాలుగు బళ్ళు వరసలో ఉన్నాయి. మొదటిది ఆక్-కియా రూటులో తిరిగే పద్నాలుగు సీట్ల వ్యాను. దాని డ్రైవరు అసాన్‌కుల్, యాభై దాటిన భారీ మనిషి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ నిలబడ్డాడు. వెనకున్న మూడూ పాత టాక్సీలు. అన్నీ వెనక చక్రాలతో నడిచేవే.

"మెదెర్! నా వ్యానుకి వెనక రెండు వెయ్యి," అన్నాడు అసాన్‌కుల్.

"ఏంటన్నా, ఒక్కసారే అందరూ?"

"శనివారం చూశాం కదా! మేమంతా కనుమ మీద ఈడ్చుకుంటూ దిగుతుంటే ఆ ఎర్రబండి బొమ్మలా దిగిపోయింది. పెళ్ళి విందులో పట్టుకుని అడిగాం. 'మెదెర్ బైకే దగ్గర వెనక రెండు వేయించాను' అన్నాడు. ముందువేంట్రా అంటే నోరు విప్పలేదు. వెనక రెండు, వెనక రెండు, అదే పాట!"

టాక్సీవాళ్ళు నవ్వారు. "మాక్కూడా అంతే బైకే. వెనక రెండు చాలు."

మెదెర్‌బెక్ మొహం వెలిగిపోయింది. అరల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క జతా దించుతున్నాడు, నడుం నొప్పి కూడా మర్చిపోయి. బురుల్‌కి చెవుల్లో గాలి కొడుతున్నట్టుంది. తిలెక్ మాట తప్పలేదు. తను అడిగిందే చేశాడు. తను చెప్పొద్దన్నది చెప్పకపోవడం వల్లే ఈ నలుగురూ ఇక్కడ నిలబడ్డారు.

"అమ్మాయ్, వ్యాను కింద జాకీ పెట్టు."

పెట్టింది. పిడి నాలుగుసార్లు తొక్కింది. వ్యాను వెనక భాగం లేచింది. అద్దంలోంచి సీట్ల వరస కనిపించింది. ఒక సీటు మీద ఎవరో మర్చిపోయిన చిన్న ఉన్ని చేతితొడుగు. రోజుకు రెండుసార్లు, తొమ్మిది మలుపులు, పద్నాలుగు మంది. ఆమె జాకీ మర తిప్పింది. వ్యాను నిట్టూర్చినట్టు కిందకి దిగింది.

"ఏమైంది?" అన్నాడు మెదెర్‌బెక్.

"నేను వెయ్యను బావగారూ."

"వెయ్యవా?"

"నాలుగు చక్రాలకీ అయితే వేస్తాను. రెండే అయితే వెయ్యను." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆగితే మళ్ళీ మాట రాదని ఆగకుండా చెప్పేసింది. "తిలెక్ కారుకి ముందు కూడా చలికాలం టైర్లే ఉన్నాయి. శుక్రవారం మీరు నమాజుకి వెళ్ళినప్పుడు నేనే వేశాను. నట్లు చూశానని మీతో అబద్ధం చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని అతనితో ఒట్టు వేయించుకున్నదీ నేనే. బండి బయల్దేరడానికి వెనకవి చాలు. ఆగాలన్నా తిరగాలన్నా ముందువే. వెనకవి బాగుండి ముందువి బాగాలేకపోతే ఇంకా ప్రమాదం, బండి బాగా పోతోంది కదా అని వేగంగా పోతారు. మలుపు దగ్గర గానీ తెలియదు."

ఒక టాక్సీవాడు, "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండమ్మా, మాకు బేరాలున్నాయి," అని గొణిగాడు. అసాన్‌కుల్ మాత్రం తన వ్యాను ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చేతితొడుగు తీసి గోటితో రబ్బరును నొక్కుతున్నాడు.

బురుల్ తిట్లకోసం కాచుకుంది. పోతే పని పోతుంది. తోడికోడలూ పిల్లలూ మాట్లాడరు. భర్త వచ్చాక ఇంట్లో రెండు పొయ్యిలవుతాయేమో. అన్నిటికీ సిద్ధపడి కళ్ళెత్తి చూసింది.

మెదెర్‌బెక్ చేతిలో జత అలాగే ఉంది. మొహంలో కోపం లేదు. దొరికిపోయినవాడి చూపు కూడా కాదది.

"ముందువి జారతాయా?" అన్నాడు, చాలా మెల్లిగా.

"జారతాయి బావగారూ."

"మా నాన్న లారీకి చలికాలం గొలుసులు వెనక చక్రాలకే కట్టేవాడు. ముందు ఎప్పుడూ కట్టలేదు. నేను కూడా..." ఆయన టైర్లు నేల మీద పెట్టాడు. ఒకటి దొర్లి గోడకి తగిలి పడింది. "నా కారుకీ వెనక రెండే వేశాను. రిమ్ములకి ఎక్కించి ఉన్న పాత జతని ఇంటి దగ్గర నేనే బిగించుకున్నాను."

ఆ పాత కారు కూడా వెనక చక్రాలతో నడిచేదే. రోజూ పొద్దున తోడికోడలు సైరా ముగ్గురు పిల్లల్నీ అందులో వంతెన ఏటవాలు మీదుగా బడికి దింపి వస్తుంది. తను ఉండేదీ ఆ ఇంట్లోనే. నిన్న కూడా వాకిట్లో మంచు కప్పుకుని ఉన్న ఆ కారు పక్కనుంచే లోపలికి వెళ్ళింది, పక్కనుంచే బయటికి వచ్చింది. ఊళ్ళో అందరి చక్రాలూ చూసే కళ్ళు ఆ ముందు చక్రాల మీద ఒక్కసారీ పడలేదు. ఆయన అబద్ధం ఆడాడనుకుంది. ఆరు రోజులు అదే అనుకుంటూ ఆయన పోసిన టీ తాగింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నాతో ఎందుకనలేదు?"

జవాబు ఆమె దగ్గర ఉంది. 'మీరు బావగారు కాబట్టి.' ఎనిమిదేళ్ళుగా నాలుక చివరే ఉన్న జవాబు. ఇప్పుడు చెప్పబోతే అది మరీ చిన్నదిగా అనిపించి, పెదవుల దాకా రాలేదు. ఆయన కూడా దానికోసం ఆగలేదు. తొడుగులు పళ్ళతో లాగేసి, జేబులో ఫోను వెతుక్కున్నాడు. వేళ్ళు సరిగ్గా పడక రెండుసార్లు నొక్కాడు.

"సైరా, ఎక్కడున్నావు? ... బయల్దేరావా? ... సరే, సరే. ఇంజను ఆపెయ్. పిల్లల్ని దింపు. ఇవాళ నడిపించుకుని తీసుకెళ్ళు. ... ఆలస్యమైతే అవుతుంది, టీచరుతో నేను మాట్లాడతాను. బండి వాకిట్లోంచి కదలకూడదు, అంతే."

అవతల నుంచి సైరా గొంతు గట్టిగానే వినిపించింది, మాటలు తెలియలేదు. ఎందుకని అడుగుతున్నట్టుంది. వరసలో ఉన్న నలుగురూ వింటున్నారు. మెదెర్‌బెక్ వాళ్ళ వైపు చూసి, తర్వాత జాకీ పిడి పట్టుకుని నిలబడ్డ ఆమె వైపు చూశాడు.

"బురుల్ చెప్పింది," అన్నాడు ఫోన్లో.